ఇంటి లోన్ వాయిదాలు తప్పాయి, బ్యాంకు నుంచి 13(2) నోటీసు వచ్చింది. ఇప్పుడు మా ముందున్న దారులేమిటి?

నిజాంపేట_నివాసి

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు మాకు రెండు పడకల ఫ్లాట్ ఉంది. నాలుగేళ్ళ క్రితం లోన్ మీద కొన్నాం. ఇప్పుడు అసలు బాకీ 56 లక్షలు, వడ్డీ 8.5 శాతం, ఇంకా 16 ఏళ్ళు కట్టాలి. నెలకి ఈఎమ్ఐ 53,450. నా ఉద్యోగం పోయింది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్. ఆమె జీతంతో తిండికీ పిల్లాడి ఫీజుకీ సరిపోతోంది. నాలుగు వాయిదాలు తప్పాయి.

మొన్న రిజిస్టర్డ్ పోస్టులో సర్ఫేసీ చట్టం (కోర్టుకి వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే చట్టం) 13(2) కింద నోటీసు వచ్చింది. 60 రోజుల్లో మొత్తం 57 లక్షల 70 వేల పైచిలుకు కట్టాలని ఉంది. నాలుగు వాయిదాలే కట్టలేని వాడిని అంత డబ్బు ఎక్కడి నుంచి తేను? మా బావమరిది తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానంటున్నాడు. నాన్నగారు ఊళ్ళో ఉన్న ఎకరం అమ్మేద్దామంటున్నారు. రాత్రుళ్ళు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. బ్యాంకు వాళ్ళు ఎప్పుడొచ్చి తాళం వేస్తారు? ఇల్లు నిలబడే మార్గం ఏదైనా ఉందా?

పాత_బ్యాంకరు

బాబూ, ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. రేపో ఎల్లుండో ఎవరూ వచ్చి తాళం వేయరు. నేను రికవరీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మీ నోటీసు తర్వాత ఏం జరుగుతుందో వరసగా చెప్తాను.

వాయిదా తప్పి 90 రోజులు దాటితే ఖాతాని ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అంటారు. అప్పుడు గానీ 13(2) నోటీసు ఇవ్వడానికి లేదు. నోటీసు తేదీ నుంచి 60 రోజులు మీవి. అవి అయ్యాక బ్యాంకు 13(4) కింద స్వాధీనం నోటీసు ఇస్తుంది. అది తలుపు మీద అంటిస్తారు, ఏడు రోజుల్లోపు రెండు పత్రికల్లో వేస్తారు, వాటిలో ఒకటి తెలుగు పత్రిక. ఇది కాగితం మీది స్వాధీనం మాత్రమే, మీరు ఇంట్లోనే ఉంటారు. నిజంగా ఖాళీ చేయించాలంటే సెక్షన్ 14 కింద మెజిస్ట్రేట్ ఆర్డరు తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఆమోదం ఉన్న వాల్యూయర్‌తో ధర కట్టించి, కనీస ధర నిర్ణయించి, మీకు 30 రోజుల నోటీసు ఇచ్చి వేలం వేయాలి. మొత్తానికి నెలల వ్యవహారం. ఆ నెలలు ఊరికే గడిచిపోకుండా చూసుకోవడమే మీ పని.

57 లక్షల అంకె చూసి బెదిరిపోకండి. నోటీసులో మొత్తం బాకీ అడగడం మామూలే. మీ అసలు సమస్య తప్పిన నాలుగు వాయిదాలు, అంటే 2 లక్షల 14 వేలు, పైన ఛార్జీలు. ఆర్‌బీఐ 2021 నవంబరులో ఇచ్చిన వివరణ ప్రకారం తప్పిన అసలూ వడ్డీ పూర్తిగా కడితేనే ఎన్‌పీఏ ఖాతా మళ్ళీ మామూలు ఖాతా అవుతుంది. ఒకటో రెండో వాయిదాలు కట్టి ఆగితే లాభం లేదు. మొత్తం బకాయి కట్టేస్తే ఇళ్ళ లోన్ల విషయంలో బ్యాంకులు మామూలుగా చర్య ఆపేస్తాయి. చట్టప్రకారం ఆపి తీరాలని లేదు, అందుకే కట్టే ముందే మేనేజరు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకో సంగతి. నోటీసుకి జవాబు తప్పకుండా రాయండి. 13(3ఎ) కింద మీరు అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో బ్యాంకు కారణాలతో బదులివ్వాలి. లెక్క తప్పుంటే అది చెప్పండి. తప్పు లేకపోతే ఉద్యోగం పోయిన సంగతి, ఎప్పటికల్లా కట్టగలరు, ఏం అడుగుతున్నారు, ఇవి సూటిగా రాయండి. బ్రాంచిలో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఫోన్లో ఎంత మాట్లాడినా ఫైల్లోకి ఎక్కదు.

ఓరుగల్లు_బిడ్డ

అన్నా, ఆ మూడు రూపాయల వడ్డీ జోలికి మాత్రం పోకు. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. రెండున్నర లక్షలు తెస్తే నెలకి 7,500 వడ్డీకే పోతది, అసలు అట్లనే ఉంటది. ప్రామిసరీ నోటు మీద సంతకం, ఖాళీ చెక్కులు, పక్కన జామీను. 8.5 శాతం అప్పు తీర్చడానికి 36 శాతం అప్పు చేసుడు ఏం న్యాయం? బ్యాంకుకి చట్టం ఉంది, ఆయనకేం చట్టం ఉంది చెప్పు.

వదిన బంగారం ఉంటే బ్యాంకులోనే పెట్టి గోల్డ్ లోన్ తీసుకో, వడ్డీ అందులో మూడో వంతు కూడా ఉండదు. చీటీ నడుస్తుంటే పాట పాడి ఎత్తుకో. పీఎఫ్ ఉంటది కదా, ఇంటి లోన్ తీర్చడానికి అందులోంచి తీసుకునే వీలుంది. నియమాలు మారుతున్నయ్, ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో ఇప్పుడున్నది చూసుకో.

అద్దె_బతుకులు

ఇవన్నీ ఎందుకండీ, సివిల్ కోర్టుకి వెళ్ళి స్టే తెచ్చుకుంటే మూడు నాలుగేళ్ళు గడిచిపోతాయి. ఈలోపు ఫ్లాట్ అద్దెకిచ్చి మీరు చిన్న ఇంట్లోకి మారిపోండి. అద్దెదారు ఉంటే బ్యాంకు ఖాళీ చేయించలేదు. మా వీధిలో ఒకాయన అలాగే చేశాడు.

బెజవాడ_వకీలు

పై సలహా పాటిస్తే ఇబ్బందుల్లో పడతారు, అందుకే వెంటనే రాస్తున్నాను.

సర్ఫేసీ చర్యల మీద సివిల్ కోర్టుకి అధికారం లేదు, సెక్షన్ 34 చూడండి. అక్కడ దావా వేస్తే ఫీజులు పోతాయి, విలువైన రోజులు పోతాయి. అద్దె సంగతి: 13(2) నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఆస్తిని అమ్మకూడదు, అద్దెకి ఇవ్వకూడదు. 13(13) అదే చెప్తుంది. ఇప్పుడు కొత్తగా పెట్టిన అద్దెదారుకి రక్షణ ఉండదు, ఆ కుటుంబం కూడా రోడ్డున పడుతుంది.

మీరు వెళ్ళాల్సిన చోటు డెట్స్ రికవరీ ట్రిబ్యునల్, డీఆర్‌టీ అంటాం. తెలంగాణకి హైదరాబాద్‌లో ఉంది, ఆంధ్రలో విశాఖపట్నంలో ఉంది. స్వాధీనం చర్య జరిగిన రోజు నుంచి 45 రోజుల్లోపు సెక్షన్ 17 కింద దరఖాస్తు వేయాలి. ఇంకా స్వాధీనం నోటీసు రాలేదు కాబట్టి నిజాంపేట గారికి ఇప్పుడే ఆ అవసరం లేదు. డీఆర్‌టీలో నెగ్గాలంటే బ్యాంకు తప్పు చూపించాలి: నోటీసు సరిగ్గా ఇవ్వలేదనో, లెక్క తప్పనో, వాల్యుయేషన్ బొత్తిగా తక్కువనో. కష్టాల్లో ఉన్నాననే మాట ఒక్కటే సరిపోదు. స్టే ఇచ్చినా చాలాసార్లు కొంత మొత్తం కట్టమని షరతు పెడతారు. అక్కడ ఓడి అప్పీలుకి వెళ్ళాలంటే మన రెండు రాష్ట్రాల వాళ్ళూ కోల్‌కతా వెళ్ళాలి, బాకీలో సగం డిపాజిట్ చేయాలి, తగ్గించినా పాతిక శాతం కంటే కిందికి రాదు.

ఇప్పుడు అసలు విషయం. 2016 సవరణకి ముందు వేలం జరిగి అమ్మకం పూర్తయ్యే దాకా మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే వీలుండేది. సవరణ తర్వాత 13(8) ప్రకారం వేలం ప్రకటన వెలువడే దాకానే ఆ హక్కు. తెలంగాణ హైకోర్టు తీర్పులు కొన్ని ఆ తర్వాత కూడా అవకాశం ఉందన్నాయి గానీ, 2023 సెప్టెంబరులో సెలిర్ - బాఫ్నా మోటర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన సరికాదని తేల్చేసింది. ‘వేలం నాటికి చూద్దాంలే’ అనుకుని నా దగ్గరికి వచ్చిన కుటుంబాలకి నేనేమీ చేయలేకపోయిన సందర్భాలు ఉన్నాయి. దయచేసి ఆ తేదీ గుర్తు పెట్టుకోండి: వేలం రోజు కాదు, ప్రకటన రోజు.

వెన్నెల_దారి

తమ్ముడూ, మేము మా ఫ్లాట్ మేమే అమ్ముకున్నాం. ఆ విషయం రాస్తాను, పనికొస్తుందేమో.

మావారికి ఆరోగ్యం పాడై వ్యాపారం ఆగిపోయింది. స్వాధీనం నోటీసు తలుపు మీద అంటించారు. లిఫ్ట్‌లోంచి దిగిన ప్రతివాళ్ళకీ కనిపించేలా మావారి పేరు, నా పేరు, బాకీ అంకె. అసోసియేషన్ మీటింగులకి వెళ్ళడం మానేశాం. అమ్మేద్దామని నేను అంటే పరువు పోతుందని ఇంట్లో గొడవ. చివరికి పరువు తలుపు మీద అంటించాక ఇంక దాచడానికేముంది అని మా అత్తగారే ముందుకొచ్చి అమ్మమన్నారు.

అమ్మడం అనుకున్నంత కష్టం కాదు, కానీ వరస తప్పకూడదు. మొదట బ్యాంకుకి ఉత్తరం రాసి అమ్ముకోవడానికి రాతపూర్వక అనుమతి తీసుకున్నాం. తర్వాత ఫలానా తేదీ దాకా మొత్తం ఎంత కడితే లోన్ క్లోజవుతుందో చూపించే లెటరు, వాళ్ళ దగ్గరున్న మా కాగితాల జాబితా తీసుకున్నాం. కొనేవాళ్ళకి లోన్ ఉందని మొదటి రోజే చెప్పాం. దాచి బేరం చేస్తే ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్టులు చూపించే పత్రం) తీసిన రోజే తెలిసిపోతుంది, బేరం చెడిపోతుంది. కొనేవాళ్ళు కూడా లోన్ తీసుకుంటున్నారు, వాళ్ళ బ్యాంకు మా బ్యాంకు పేరు మీద డీడీ ఇచ్చింది.

రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో బెంచీ మీద ఒక చివర మా బ్యాంకు అమ్మాయి, ఒళ్ళో మా ఒరిజినల్ డాక్యుమెంట్ల కవరు. ఇంకో చివర వాళ్ళ బ్యాంకు అబ్బాయి, చేతిలో డీడీ. మధ్యలో మేమూ, కొనేవాళ్ళూ. ముందు తాకట్టు రద్దు పత్రం రిజిస్టరైంది, వెంటనే సేల్ డీడ్. వేలిముద్రలు పడ్డాక డీడీ అటు, కవరు ఇటు. మిగిలిన డబ్బు మా ఖాతాలో పడింది. మా కాంప్లెక్స్‌లోనే ఇంకో ఫ్లాట్ తర్వాత బ్యాంకు వేలంలో పోయింది, మాకు వచ్చిన దానికి చాలా తక్కువకి. వేలం కొనేవాడు చాలాసార్లు లోపలికెళ్ళి చూడలేడు, గొడవలుంటాయేమోనని భయపడతాడు, అందుకే ధర రాదు. ఇప్పుడు అద్దెకుంటున్నాం. మావారి మందులకి ఆ మిగులే ఆధారమైంది.

నిజాంపేట_నివాసి

అక్కా, చాలా థాంక్స్. మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. పాత బ్యాంకరు గారూ, ఒక సందేహం. గడువు పెంచి ఈఎమ్ఐ తగ్గిస్తారా? ఓటీఎస్ (ఒకేసారి కట్టి బాకీ సెటిల్ చేసుకోవడం) అడగొచ్చా? రెండు కంపెనీల్లో ఇంటర్వ్యూలు చివరి రౌండులో ఉన్నాయి, జీతం మాత్రం పాతదానికంటే తక్కువే ఉండొచ్చు.

పాత_బ్యాంకరు

లెక్క వేసి చూపిస్తాను. 56 లక్షలకి 16 ఏళ్ళ బదులు 25 ఏళ్ళు పెడితే ఈఎమ్ఐ సుమారు 45,100 అవుతుంది. నెలకి 8,350 దాకా తేలిక. కానీ చివరిదాకా అలాగే కడితే వడ్డీ అదనంగా 32 లక్షలకి పైనే. ఉద్యోగం కుదిరాక మళ్ళీ పెంచి కట్టుకోవచ్చు, ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్‌కి వ్యక్తుల దగ్గర ముందస్తు చెల్లింపు ఛార్జీ తీసుకోకూడదు. మీ వయసు బట్టి 25 ఏళ్ళు ఇస్తారో లేదో బ్యాంకు చూస్తుంది. ఇబ్బందిలో ఉన్నవాడికి ఇచ్చే ఈ సడలింపు రీస్ట్రక్చరింగ్ కింద లెక్క, సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డులో, కనిపిస్తుంది. అయినా ఇల్లు పోవడం కంటే నయం. ఇది 90 రోజుల లోపు అడిగి ఉంటే సులువు. ఈ థ్రెడ్ చదివేవాళ్ళలో ఎవరికైనా ఒకటి రెండు వాయిదాలే తప్పి ఉంటే రేపే బ్రాంచికి వెళ్ళండి.

ఓటీఎస్ గురించి చాలామందికి లేనిపోని ఆశలున్నాయి. ఇంటి విలువ బాకీ కంటే ఎక్కువున్నప్పుడు బ్యాంకు అసలులో పైసా వదలదు. పెనాల్టీలు, కొంత వడ్డీ తగ్గించొచ్చు. అది మీ హక్కు కాదు, 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. పైగా ఒకేసారి మొత్తం తేవాలి. సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడితే ఏళ్ళ తరబడి ఇంకో లోన్ కష్టం. ఎవరైనా ఏజెంటు ఫోన్ చేసి సగానికి సెటిల్ చేయిస్తానని కమీషన్ అడిగితే నమ్మకండి. శాంక్షన్ లెటరు బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉండాలి, డబ్బు లోన్ ఖాతాలోనే పడాలి.

స్టేట్‌మెంట్‌లో ఒకటి చూడండి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆర్‌బీఐ నియమం ప్రకారం వాయిదా తప్పితే జరిమానా వేయొచ్చు గానీ, దాన్ని వడ్డీ రేటుకి కలపకూడదు, దాని మీద మళ్ళీ వడ్డీ వేయకూడదు. వేసి ఉంటే జవాబులో రాయండి.

మీరు తేల్చుకోవాల్సింది ఒక్కటే: వచ్చే ఆరు నెలల్లో 45 వేలు కట్టే ఆదాయం ఖాయమా కాదా. ఖాయమైతే నాన్నగారి పొలం డబ్బో, బంగారమో పెట్టి బకాయి తీర్చి గడువు పెంచమని అడగండి. ఖాయం కాకపోతే ఆ ఎకరం ముట్టుకోకండి. పొలం అమ్మి ఆరు వాయిదాలు కట్టి, మళ్ళీ ఇదే నోటీసు తెచ్చుకుంటే పొలమూ పోతుంది, ఇల్లూ పోతుంది. ఆ పరిస్థితిలో వెన్నెల గారి దారే మేలు.

డల్లాస్_తెలుగోడు

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మాది ఫ్రిస్కో, టెక్సాస్. హెచ్1బీ మీద ఉన్నాను, లేఆఫ్ అయింది. 60 రోజుల గ్రేస్‌లో వేరే ఉద్యోగం దొరికింది గానీ ఖర్చులన్నీ మీద పడి రెండు మార్ట్‌గేజ్ పేమెంట్లు తప్పాయి. ఇక్కడ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఉన్నారా?

ప్లేనో_పిన్ని

బాబూ, మేం ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నాం, తెలిసినవాళ్ళ కోసం ఈ పని దగ్గరుండి చూశాను. ఫెడరల్ నియమం ప్రకారం మామూలుగా 120 రోజులు దాటితే గానీ సర్వీసరు (మీ లోన్ వాయిదాలు వసూలు చేసే కంపెనీ) ఫోర్‌క్లోజర్, అంటే ఇల్లు వేలం వేసే చర్య, మొదలుపెట్టకూడదు. మీరు రెండు నెలల్లోనే ఉన్నారు, ఇదే మంచి సమయం. సర్వీసరుకి ఫోన్ చేసి లాస్ మిటిగేషన్ దరఖాస్తు (ఇల్లు పోకుండా సడలింపు కోరే దరఖాస్తు) అడగండి. ఉద్యోగం దొరికింది కాబట్టి తప్పిన మొత్తాన్ని కొన్ని నెలల మీద విడగొట్టే రీపేమెంట్ ప్లానో, చివరికి జరిపే డిఫర్‌మెంటో రావచ్చు. కాగితాలన్నీ పూర్తిగా ఇవ్వండి. సేల్‌కి 37 రోజుల కంటే ముందే పూర్తి దరఖాస్తు అందితే దాని సంగతి తేలేదాకా సేల్ జరపకూడదు.

టెక్సాస్‌లో మాత్రం ఆలస్యం చేయొద్దు. ఇక్కడ చాలావరకు కోర్టుతో పని లేదు. సరిదిద్దుకోవడానికి కనీసం 20 రోజులు, తర్వాత 21 రోజుల సేల్ నోటీసు, నెలలో మొదటి మంగళవారం వేలం. హడ్ (అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ) ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్లు ఫోర్‌క్లోజర్ విషయంలో డబ్బు తీసుకోకుండా సాయం చేస్తారు. ముందే ఫీజు అడిగి ఇల్లు కాపాడతామనేవాళ్ళని దగ్గరికి రానివ్వకండి, అలా ముందు ఫీజు తీసుకోవడమే చట్టవిరుద్ధం.

మోడరేటర్

ఒక విన్నపం. ఎవరూ లోన్ నంబరు, నోటీసు ఫొటో, ఫోన్ నంబరు ఇక్కడ పెట్టకండి. ‘సెటిల్‌మెంట్ చేయిస్తాం’ అంటూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాం.

ఓరుగల్లు_బిడ్డ

రికవరీ ఏజెంట్ల గురించి ఎవరూ చెప్పలే. పొద్దున 8 కంటే ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయొద్దని ఆర్‌బీఐ నియమం. చుట్టాలకి, పక్కింటోళ్ళకి ఫోన్ చేసి పరువు తీయకూడదు. అట్ల చేస్తే తేదీ, టైమ్ రాసి పెట్టుకుని బ్యాంకుకి మెయిల్ పెట్టు. 30 రోజుల్లో సరైన జవాబు రాకుంటే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ పోర్టల్‌లో ఫిర్యాదు, పైసా ఖర్చు లేదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ లోన్ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకి పెట్టాలి.

నిజాంపేట_నివాసి

జవాబు రాసి బ్రాంచిలో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. పెనాల్టీ మీద వడ్డీ వేసినట్టు స్టేట్‌మెంట్‌లో కనపడింది, అది కూడా రాశాను. మేనేజరు గారు బాగానే మాట్లాడారు. బకాయి మొత్తం కడితే గడువు పెంపు దరఖాస్తు పైకి పంపుతానన్నారు, రాసిమ్మంటే మెయిల్ పెట్టారు. మా ఆవిడ బంగారం, నా పీఎఫ్ కలిపితే బకాయికి సరిపోతుంది. ఉద్యోగం ఆఫర్ లెటరు చేతికొచ్చాకే ఆ డబ్బు కడతాను. 60 రోజుల్లో రాకపోతే అమ్మకానికి అనుమతి అడుగుతూ రెండో ఉత్తరం సిద్ధంగా పెట్టుకున్నాం. పొలం మాట ఇక ఎత్తొద్దని నాన్నగారికి చెప్పాను.

ఒకవేళ మేం అమ్మినా, బ్యాంకు వేలం వేసినా, బాకీ కంటే ఎక్కువొస్తే ఆ మిగులు ఎవరిది? తక్కువొస్తే?

బెజవాడ_వకీలు

మీరే అమ్మినా, బ్యాంకు వేలం వేసినా, బాకీ ఖర్చులు పోను మిగిలింది మీదే. వేలంలో తక్కువొస్తే మిగతా బాకీ కోసం బ్యాంకు మీ మీదా, జామీనుదారు మీదా రావచ్చు. 20 లక్షలు, అంతకు పైన అయితే డీఆర్‌టీలో, తక్కువైతే సివిల్ కోర్టులో. మీ ఆవిడ కో-అప్లికెంట్ అయితే ఆవిడ మీద కూడా.

ఎలా తీరినా సరే, లోన్ పూర్తయ్యాక 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు చెల్లించాలి. తాకట్టు రద్దయినట్టు ఈసీలో పడిందో లేదో, సెర్సాయ్ (తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ) రికార్డులో తీసేశారో లేదో చూసుకోండి. నెల తర్వాత సిబిల్ రిపోర్టు ఒకసారి తీయండి, అందులో బ్యాలెన్సు సున్నా చూపించాలి.

వెన్నెల_దారి

ఈసీ మీసేవలో తీసుకోవచ్చు తమ్ముడూ. ఇంటర్వ్యూ ఫలితం రాగానే ఇక్కడ రాయి, మేమందరం ఎదురుచూస్తుంటాం.